గుండెపోటుకు స్టెంట్ వేశాక సీఆర్‌పీ 9.2 నుంచి 88కి వచ్చింది: ఈ అంకెను ఎలా చదవాలి?

గుంటూరు_పెద్దమ్మాయి
ఆదివారం, రాత్రి 10.20

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 58 ఏళ్లు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ముప్ఫై ఏళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నారు. మొన్న గురువారం తెల్లవారుజామున ఛాతీ బరువుగా ఉందని లేచి కూర్చున్నారు. ముందురోజు రాత్రి పెళ్లి భోజనం చేసి వచ్చారు కాబట్టి గ్యాస్ అనుకొని సోడా తాగించాం. వీధి చివరి ఆరెంపీ వచ్చి ఒక ఇంజెక్షన్ చేశారు. చెమటలు ఎంతకీ తగ్గకపోవడంతో ఆటో మాట్లాడుకొని ఆసుపత్రికి చేర్చేసరికి ఐదు గంటలు గడిచిపోయాయి. ఈసీజీ చూసిన వెంటనే గుండెపోటని చెప్పి, యాంజియోగ్రామ్ చేసి, ఎడమవైపు ముందు రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని అందులో స్టెంట్ వేశారు. ఎకోలో గుండె పంపింగ్ 42 శాతం అని వచ్చింది.

నా సందేహం రక్తపరీక్షల గురించి. శుక్రవారం సాయంత్రం ఆసుపత్రిలో చేసిన పరీక్షలో, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ అనే ప్రోటీను 9.2 అని ఉంది. శనివారం మధ్యాహ్నం బయటి ల్యాబుకు రక్తం పంపితే 88 అని వచ్చింది. ఒక్కరోజులో పదింతలు పెరిగిందని మా తమ్ముడు రాత్రంతా ఫోన్‌లో వెతికి, సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవాళ్లకు మళ్లీ గుండెపోటు వస్తుందని ఎక్కడో చదివి, ఆ మాట అమ్మతో కూడా అనేశాడు. అప్పటి నుంచి అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. చేర్చిన రోజు చేసిన సీబీపీ (రక్తకణాల లెక్క) పరీక్షలో తెల్లకణాలు 14,200, వాటిలో న్యూట్రోఫిల్స్ 84 శాతం, లింఫోసైట్లు 11 శాతం. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుగారిని అడిగితే "ఉంటుందమ్మా, భయపడకండి" అని చెప్పి పక్క మంచం దగ్గరకు వెళ్లారు. ఎందుకు ఉంటుందో నాకు అర్థమైతే అమ్మకు నా మాటల్లో చెప్పుకోగలను. దయచేసి తెలిసినవారు చెప్పండి.

ల్యాబు_మాస్టారు
ఆదివారం, రాత్రి 10.50

అమ్మా, ముందు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న కొలతను చూడండి. నేను విజయవాడ సూర్యారావుపేటలో 22 ఏళ్లుగా ల్యాబులో పనిచేస్తున్నాను. సీఆర్‌పీని కొన్ని చోట్ల డెసీలీటరు రక్తంలో ఇన్ని మిల్లీగ్రాములని, మరికొన్ని చోట్ల లీటరులో ఇన్ని మిల్లీగ్రాములని రాస్తారు. డెసీలీటరు అంటే 100 మిల్లీలీటర్లు, అంటే లీటరులో పదో వంతు. మొదటి కాగితంలో డెసీలీటరు అని, రెండో దాంట్లో లీటరు అని ఉంటే మీ 9.2 అసలు 92 అవుతుంది. అప్పుడు అంకె పెరగలేదు, 92 నుంచి 88కి తగ్గింది. ఈ తేడా తెలియక నా కౌంటరు ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నవారిని ఎంతోమందిని చూశాను.

గుంటూరు_పెద్దమ్మాయి
ఆదివారం, రాత్రి 11.05

మాస్టారూ, మీరు చెప్పినట్టే ఉంది. ఆసుపత్రి కాగితంలో డెసీలీటరు, బయటి ల్యాబు కాగితంలో లీటరు. అమ్మను లేపి చూపించాను. మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. కానీ 92 అయినా ఎక్కువే కదా?

బెజవాడ_గుండెవైద్యం
సోమవారం, ఉదయం 6.15

నేను విజయవాడలో గుండెజబ్బుల విభాగంలో పనిచేస్తున్నాను. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి చికిత్స సంగతి మీ డాక్టరుగారికే వదిలి, ఆ అంకె ఎలా పుడుతుందో మాత్రం చెబుతాను.

రక్తం అందక గుండె కండరంలో కొంత భాగం చనిపోయినప్పుడు, శరీరం దానిని గాయంగానే చూస్తుంది. చేతికి దెబ్బ తగిలితే ఎర్రబడి ఉబ్బినట్టే లోపల కూడా వాపు ప్రక్రియ మొదలవుతుంది. మొదటి గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు అక్కడికి చేరి చనిపోయిన కణాలను తొలగించడం ప్రారంభిస్తాయి. రెండు మూడు రోజుల తర్వాత మాక్రోఫేజ్‌లు అనే మరో రకం కణాలు ఆ పనిని అందుకుంటాయి. ఆపైన కొన్ని వారాల పాటు కొల్లాజెన్ అనే పీచు లాంటి ప్రోటీను పేరుకొని అక్కడ గట్టి మచ్చ ఏర్పడుతుంది. ఈ క్రమంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతం కాలేయానికి చేరితే కాలేయం సీఆర్‌పీని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. నొప్పి మొదలైన కొన్ని గంటలకు పెరగడం ప్రారంభమై, రెండు మూడు రోజులకు శిఖరానికి చేరుతుంది. ఆ ప్రోటీను సగం తగ్గడానికి దాదాపు 19 గంటలు పడుతుంది కాబట్టి, కొత్తగా తయారు కావడం ఆగిన తర్వాత అది వేగంగానే దిగుతుంది. మీ రెండు పరీక్షలూ సరిగ్గా ఆ శిఖరం దగ్గర చేసినవి. గుండెపోటు వచ్చిన రెండో రోజున సీఆర్‌పీ 2 లేదా 3 ఉంటే నాకు ఆశ్చర్యం గానీ, 92 ఉండడం ఆశ్చర్యం కాదు.

అయితే అది అర్థం లేని అంకె అని కూడా నేను అనను. దెబ్బతిన్న కండరం ఎంత ఎక్కువైతే ఈ శిఖరం సాధారణంగా అంత ఎత్తుగా ఉంటుంది. శిఖరం ఎత్తుగా ఉన్నవారిలో తర్వాత గుండె వైఫల్యం, మరణం ఎక్కువగా కనిపించాయని అనేక పరిశీలనలు చెప్పాయి. మీ విషయంలో ఐదు గంటల ఆలస్యం, 42 శాతం పంపింగ్ ఏం చెబుతున్నాయో, సీఆర్‌పీ కూడా అదే చెబుతోంది. అందులో కొత్త ప్రమాదం ఏదీ లేదు. దానికి చేయాల్సిన వైద్యం ఇప్పటికే మీ డిశ్చార్జి కాగితంలో ఉంటుంది: రక్తపు గడ్డ కట్టకుండా ఉంచే రెండు మాత్రలు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, గుండెపై భారం తగ్గించే మాత్రలు. వాటిలో ఒక్క పూట కూడా తప్పకుండా చూసుకోండి.

భవిష్యత్తు గురించి తెలుసుకోవాలంటే ఈ వారం అంకె పనికిరాదు. జ్వరం, జలుబు, దెబ్బలు ఏవీ లేని సమయంలో, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత చేసే హెచ్‌ఎస్-సీఆర్‌పీ పనికొస్తుంది. మామూలు సీఆర్‌పీ పరీక్ష తక్కువ స్థాయులను కొలవలేదు, అందుకే ఆ రెండో రకం. స్థిమితంగా ఉన్న మనిషిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని 2003 నుంచి లెక్క వేస్తున్నారు. 10 దాటితే మాత్రం గుండె గురించి ఆలోచించే ముందు శరీరంలో మరెక్కడైనా ఇన్‌ఫెక్షన్ ఉందేమో వెతకాలి.

ఈ నెల రోజుల పరీక్షకు బలమైన ఆధారం ఉంది. 2005లో వెలువడిన ఒక విశ్లేషణలో, గుండెపోటు వంటి తీవ్ర సమస్యతో చేరి స్టాటిన్ వాడిన 3,745 మందిని పరిశీలించారు. 30 రోజుల తర్వాత చెడు కొలెస్ట్రాల్ 70 లోపుకు దిగినప్పటికీ, సీఆర్‌పీ 2 పైన మిగిలినవారిలో మళ్లీ గుండెపోటు లేదా మరణం ఎక్కువగా జరిగింది. రెండూ దిగినవారే అందరికంటే బాగున్నారు.

సింగ్‌నగర్_వాసి
సోమవారం, ఉదయం 8.40

డాక్టరుగారు 10 దాటితే వెతకాలి అన్న మాటకు నా అనుభవం చెబుతాను. నాకు 2022లో స్టెంట్ వేశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మూడు రోజులు నడుములోతు నీళ్లలో తిరిగాను. నాలుగో రోజు చలిజ్వరం, సీఆర్‌పీ 140. స్టెంట్ మూసుకుపోయిందని ఇంట్లో అందరూ ఏడ్చారు. ఈసీజీ, గుండె కండరం దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ రక్తపరీక్ష రెండూ బాగానే ఉన్నాయి. చివరికి ఎడమ కాలి మడమ దగ్గర చిన్న గీతలోంచి చేరిన ఇన్‌ఫెక్షన్ అని తేలింది. డ్యూటీ డాక్టరమ్మ పంచె పైకి జరిపి, పిక్క మీద పెన్నుతో ఎర్రదనం అంచు వెంబడి గీత గీసి, "రేపటికి ఈ గీత దాటకూడదు" అన్నారు. యాంటీబయాటిక్స్ వేశాక దాటలేదు.

గుంటూరు_గణాంకాలు
సోమవారం, మధ్యాహ్నం 1.30

నేను గుంటూరులో ఒక కళాశాలలో గణాంకశాస్త్రం చెబుతాను. మా అన్నయ్యకు మూడేళ్ల క్రితం గుండెపోటు వచ్చినప్పటి నుంచి ఈ విషయంపై దొరికినదల్లా చదువుతున్నాను.

అమ్మాయిగారు సీబీపీ అంకెలు కూడా ఇచ్చారు. న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్ల శాతంతో భాగిస్తే వచ్చే నిష్పత్తిపై చాలా పరిశోధనలు జరిగాయి. మీ నాన్నగారికి 84ను 11తో భాగిస్తే 7.6. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఇది సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. చేరిన రోజున ఈ నిష్పత్తి ఎక్కువగా ఉన్నవారిలో, స్టెంట్ వేసి నాళం తెరిచిన తర్వాత కూడా సన్నని నాళాల్లోకి రక్తం సరిగ్గా పారకపోవడం, తర్వాత మరణాలు ఎక్కువగా ఉండడం పదేపదే కనిపించింది. అదనపు ఖర్చు లేకుండా మామూలు సీబీపీ నుంచే లెక్క కట్టవచ్చు కాబట్టి మన జిల్లా ఆసుపత్రుల వంటి చోట్ల దీనికి విలువ ఉందని నా అభిప్రాయం. అయితే తీవ్రమైన ఒత్తిడి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా న్యూట్రోఫిల్స్‌ను పెంచి లింఫోసైట్లను తగ్గిస్తాయి. ఆరెంపీగారు చేసిన ఇంజెక్షన్ ఏమిటో మీకు తెలియదు. అది స్టెరాయిడ్ అయితే ఆ 7.6లో కొంత దానిదే కావచ్చు. తెలుసుకొని డాక్టరుగారికి చెప్పడం మంచిది.

ఇంకొక సంగతి. వెయ్యిమందిని రెండు గుంపులు చేసి ఒక గుంపులో మరణాలు ఎక్కువ అని చెప్పడం వేరు, ఒక మనిషికి ఏమవుతుందో చెప్పడం వేరు. ఎక్కువ అంకె ఉన్న గుంపులో కూడా అత్యధికులు బతికి ఇంటికి వెళ్లినవారే. మీ తమ్ముడు చదివిన వాక్యంలో ఈ సగం లేదు.

తమ్ముడు_గుంటూరు
సోమవారం, సాయంత్రం 6.10

నేనే ఆ తమ్ముణ్ని. అక్క చెప్పింది నిజమే, అమ్మతో అలా అనకుండా ఉండాల్సింది. అయితే నాకు ఒక ప్రశ్న మిగిలింది. సీఆర్‌పీ ఎక్కువ ఉంటే ప్రమాదమని మీరందరూ ఒప్పుకుంటున్నారు. అలాంటప్పుడు దానిని తగ్గించే మందు ఎందుకు ఇవ్వరు? మా బంధువు ఒకరు వాపు తగ్గడానికి డైక్లోఫెనాక్ వేయమంటున్నారు, మరొకరు అడవినాభి దుంప కషాయం మంచిదంటున్నారు.

కొత్తపేట_ఫార్మసీ
సోమవారం, సాయంత్రం 6.25

బాబూ, ఆ రెండూ వద్దు. గుండెపోటు వచ్చినవారికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు మళ్లీ గుండెపోటు ముప్పును, కడుపులో రక్తస్రావం ముప్పును పెంచుతాయి. మీ నాన్నగారు రక్తం పలచబడే మాత్రలు రెండు వేసుకుంటున్నారు కాబట్టి ఇంకా ప్రమాదం. ఒళ్లు నొప్పులుంటే పారాసెటమాల్ చాలు, అది కూడా డాక్టరుగారిని అడిగి వేయండి.

అడవినాభి దుంపలో కాల్చిసిన్ అనే పదార్థం ఉంటుంది. అది కొలత లేకుండా కడుపులోకి వెళితే వాంతులు, విరేచనాలతో మొదలై, ఎముక మజ్జ, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం పోతుంది. ఆ దుంప తిని చనిపోయినవారు ఉన్నారు. దయచేసి ఇంట్లోకి రానివ్వకండి.

ఆ బంధువు మాట ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో నేను ఊహించగలను. అదే కాల్చిసిన్‌ను శుద్ధి చేసి రోజుకు అర మిల్లీగ్రాము మాత్రగా ఇస్తే గుండెకు మేలు చేస్తుందా అని పెద్ద పరీక్షలు జరిగాయి. 2019లో గుండెపోటు వచ్చిన నెలలోపు 4,745 మందిపై చేసిన కాల్‌కాట్ పరీక్షలో గుండె సంబంధ ఘటనలు 7.1 శాతం నుంచి 5.5 శాతానికి తగ్గాయి. 2020లో గుండె రక్తనాళాల జబ్బు స్థిమితంగా ఉన్న 5,522 మందిలోనూ మేలు కనిపించింది. 2023లో అమెరికాలో ఆ మోతాదుకు అనుమతి కూడా వచ్చింది. కానీ 2024లో క్లియర్ అనే ఇంకా పెద్ద పరీక్షలో, గుండెపోటుకు స్టెంట్ వేసిన దాదాపు 7,000 మందిలో మేలు కనిపించలేదు: మందు వాడినవారిలో 9.1 శాతం, వాడనివారిలో 9.3 శాతం. ఆ పరీక్షలో మూడు నెలల నాటికి సీఆర్‌పీ మాత్రం తగ్గింది. అంకె తగ్గినా ఘటనలు తగ్గలేదన్న ఈ సంగతి మీ ప్రశ్నకు సగం జవాబు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవారికి ఈ మాత్ర విషంలా పనిచేయవచ్చు కాబట్టి, చీటీ లేకుండా ఎవరు అడిగినా నేను ఇవ్వను.

గుంటూరు_గణాంకాలు
సోమవారం, రాత్రి 9.15

మిగిలిన సగం నేను చెబుతాను. సీఆర్‌పీ పొగ లాంటిది. పుట్టుకతోనే జన్యువుల వల్ల సీఆర్‌పీ కొంచెం ఎక్కువగా ఉండేవారిని లక్షల సంఖ్యలో పరిశీలించినప్పుడు, వారికి గుండెజబ్బులు ఎక్కువగా రాలేదని తేలింది. అంటే సీఆర్‌పీ స్వయంగా రక్తనాళాన్ని పాడుచేయడం లేదు. దానికంటే పైన, ఇంటర్‌ల్యూకిన్-6 పనిచేసే దారిలో జన్యుపరంగా తేడా ఉన్నవారిలో మాత్రం గుండెజబ్బుల ముప్పు మారింది. నిప్పు ఆ వైపున ఉంది.

ఆ నిప్పును నేరుగా ఆర్పి చూసినది 2017లో వెలువడిన కాంటోస్ పరీక్ష. గతంలో గుండెపోటు వచ్చి, హెచ్‌ఎస్-సీఆర్‌పీ 2 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న 10,061 మందిని తీసుకొని, ఇంటర్‌ల్యూకిన్-6కు పైమెట్టులో ఉండే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సంకేతాన్ని అడ్డుకునే కనాకినుమాబ్ ఇంజెక్షన్‌ను కొందరికి, ఉత్తుత్తి ఇంజెక్షన్‌ను మిగిలినవారికి మూడు నెలలకొకసారి ఇచ్చి పోల్చారు. కొలెస్ట్రాల్ ఏమాత్రం తగ్గకుండానే, 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. వాపు ప్రక్రియ గుండెపోటుకు సాక్షి మాత్రమే కాదని, అందులో దాని చెయ్యి కూడా ఉందని మనుషుల్లో రుజువైంది అప్పుడే. నేను ఆ ఫలితాలు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అయితే ఇన్‌ఫెక్షన్లతో మరణాలు పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు. అందుకే అది గుండె రోగుల మందు కాలేదు. ఆ తర్వాత కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్‌ను తక్కువ మోతాదులో ప్రయత్నించారు. అది సీఆర్‌పీనీ తగ్గించలేదు, గుండెపోట్లనూ తగ్గించలేదు.

బెజవాడ_గుండెవైద్యం
మంగళవారం, ఉదయం 6.00

పై ఇద్దరూ చెప్పినవి సరైనవే. తమ్ముడికి నేను చేర్చేది ఒకటే. మొదటి వారంలో ఆ వాపు ప్రక్రియ మచ్చను కట్టే పనిలో ఉంది. దానిని మొత్తంగా అణిచివేయడం మనకు కావాల్సినది కాదు. నెల దాటాక కూడా చల్లారకపోతే, ఎందుకు చల్లారలేదో వెతకాలి: మధుమేహం, పొగాకు, పొట్ట చుట్టూ కొవ్వు, చిగుళ్ల జబ్బు, తగ్గని కొలెస్ట్రాల్.

గుంటూరు_పెద్దమ్మాయి
ఆరు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9.30

అందరికీ మళ్లీ నమస్కారం. నాన్నగారు రోజూ ఉదయం అరగంట నడుస్తున్నారు. ఖైనీ పూర్తిగా మానేశారు. మొన్న పరీక్షలు చేయించాం. చెడు కొలెస్ట్రాల్ 138 నుంచి 61కి దిగింది, డాక్టరుగారు దానిని 55 లోపుకు తేవాలని ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మాత్ర చేర్చారు. కానీ హెచ్‌ఎస్-సీఆర్‌పీ లీటరుకు 14.2 మిల్లీగ్రాములు వచ్చింది. కొలత రెండుసార్లు చూసుకున్నాను మాస్టారూ. జ్వరం లేదు, దగ్గు లేదు, కాళ్లపై గాయాలు లేవు.

సింగ్‌నగర్_వాసి
శనివారం, రాత్రి 9.45

నోరు చూశారా?

గుంటూరు_పెద్దమ్మాయి
ఆదివారం, ఉదయం 11.20

ఈ ప్రశ్న చదివి నాన్నగారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఫోన్ లైటు వేసి చూశాను. కింద కుడివైపు చివరి దవడపన్ను సగం పుచ్చిపోయి, పక్కన చిగురు ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే కొంచెం చీము వచ్చింది. నెలలుగా ఎడమవైపే నములుతున్నారట, ఎవరికీ చెప్పలేదు. ఈ ఉదయమే తీసుకెళితే, పన్ను తీయాలని చెప్పి, రక్తం ఆగదు కాబట్టి వారం రోజులు ఆ రెండు మాత్రలూ ఆపి రమ్మన్నారు. ఆపవచ్చా?

బెజవాడ_గుండెవైద్యం
ఆదివారం, ఉదయం 11.30

ఆపవద్దు. స్టెంట్ వేసి రెండు నెలలు కూడా కాలేదు. ఇప్పుడు ఆ మాత్రలు రెండూ ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదం ఉంది, అలా కడితే ప్రాణాపాయం. ఒక పన్ను తీసిన చోట రక్తం కారినా గుడ్డతో నొక్కి, అవసరమైతే కుట్టు వేసి ఆపవచ్చు. ఈ రోజే మీ గుండె డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన రాసిచ్చిన చీటీ తీసుకొని పళ్ల డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. ఇద్దరూ మాట్లాడుకుంటే ఇంకా మంచిది.

గుంటూరు_పెద్దమ్మాయి
ఐదు వారాల తర్వాత, గురువారం, రాత్రి 8.50

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మా గుండె డాక్టరుగారు కూడా ఒక్క మాత్ర కూడా ఆపవద్దని చీటీ రాసిచ్చారు. వేరే దంతవైద్యురాలు మాత్రలు కొనసాగుతుండగానే పన్ను తీసి, రెండు కుట్లు వేసి, దూది ముక్కను గంటసేపు కొరికి పట్టుకోమన్నారు. సాయంత్రానికి రక్తం ఆగిపోయింది. నిన్న మళ్లీ పరీక్ష చేయించాం. హెచ్‌ఎస్-సీఆర్‌పీ లీటరుకు 1.7 మిల్లీగ్రాములు, చెడు కొలెస్ట్రాల్ 52, ఎకోలో పంపింగ్ 48 శాతం.

ల్యాబు_మాస్టారు
గురువారం, రాత్రి 9.10

చాలా సంతోషం అమ్మా. అన్ని కాగితాలూ తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టండి. వీలైనంతవరకు ఇకపై ఒకే ల్యాబులో చేయించండి.

గుంటూరు_పెద్దమ్మాయి
గురువారం, రాత్రి 9.25

పెట్టాను మాస్టారూ. మొదటి రెండు కాగితాల మీద అంకెల పక్కన కొలతలను తమ్ముడు ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టాడు. అమ్మ ఇప్పుడు భోజనం బాగానే చేస్తోంది.